నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్లకి నేను కోచ్‌నా?

బొల్లారం వైపు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 32. సిటీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒకే క్లబ్‌కి పదకొండేళ్లుగా స్టాపర్‌గా (వెనక గోల్‌కి అడ్డంగా ఉండే డిఫెండర్‌గా) ఆడుతున్నారు. మధ్యలో ఒక సీజన్ జాతీయ స్థాయి ఐ-లీగ్ రెండో డివిజన్ కోసం వేరే రాష్ట్రం క్లబ్‌కి వెళ్లారు గానీ, అది చాలావరకు బెంచ్ మీదే గడిచిపోయింది. 27 ఏళ్లప్పుడు మోకాలి లిగమెంట్‌కి (ఏసీఎల్) ఆపరేషన్ అయింది. ఇప్పుడు మ్యాచ్ ఆడిన మర్నాడు పొద్దున మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందట. బతుకుతెరువు ఒక కొరియర్ గోడౌన్‌లో షిఫ్టు ఉద్యోగం, నెలకు 19 వేలు. భార్య ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాలుగేళ్ల పాప ఉంది.

కిందటి నెల క్లబ్ కోచ్ సీజన్ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయారు. టీమ్ పట్టికలో కింది నుంచి రెండోది, ఇంకా ఏడు మ్యాచ్‌లున్నాయి. సెక్రటరీ ఈయన్ని పిలిచి, "నువ్వే చూసుకో, నెలకు 12 వేలు ఇస్తాం, వచ్చే సీజన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. అదే వారం దుబాయ్ నుంచి బావమరిది ఫోన్ చేశారు. స్టోర్ సూపర్‌వైజర్ పని, 2,200 దిర్హమ్‌లు, రూమ్ కంపెనీదే. "ఇంకా ఆలోచించేదేముంది?" అంటున్నారు మామగారు. భార్య మాత్రం ఏమీ అనడం లేదు. "తను ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

టీమ్‌లో ఫార్వర్డ్ ఆడే ఆయన స్నేహితుడికి 34 ఏళ్లు. ఈయన పెళ్లిలో తోడు పెళ్లికొడుకుగా కూర్చున్న మనిషి. ఇప్పుడు పరుగు తగ్గిపోయింది. ఈయన కోచ్ అయితే మొదటి మ్యాచ్‌లోనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టాల్సి వస్తుంది. దీనికి తోడు ఇంకో సీనియర్ అందరి ముందూ నవ్వుతూ, "టీవీల ఒక్క మ్యాచ్ రాలే, నువ్వు కోచ్ ఏందిరా" అన్నాడట. "నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. చిన్న లీగ్‌లో ఆడినవాడు నిజంగా కోచ్‌గా పైకి రాగలడా, లేక ఇది నా భ్రమా?" అన్నది ఉత్తరంలో చివరి మాట.

మీ చివరి ప్రశ్న అన్నిటికంటే తేలికైనది కాబట్టి దాని సంగతి ముందు చూద్దాం. రాగలడు. వచ్చినవాళ్లున్నారు. మీకు అందరికంటే దగ్గరి ఉదాహరణ జర్మనీలో ఉంది.

యుర్గెన్ క్లాప్ పేరు మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ కోచ్‌గా గ్రౌండ్ పక్కన ఎగిరి గంతులేసిన మనిషిగా అందరికీ తెలుసు. ఆటగాడిగా మాత్రం ఆయన బతుకంతా రెండో డివిజన్‌లోనే గడిచింది. 1990 నుంచి 2001 దాకా మైన్స్ అనే ఒకే క్లబ్‌కి 325 లీగ్ మ్యాచ్‌లు ఆడారు. మొదట ఫార్వర్డ్, తర్వాత రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. పై డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తన కాళ్లు నాలుగో డివిజన్‌వనీ, బుర్ర మాత్రం మొదటి డివిజన్‌దనీ ఆయనే జోక్ వేసుకుంటారు. అంతకుముందు ఇరవై ఏళ్ల వయసుకే తండ్రి అయి, యూనివర్సిటీలో చదువుకుంటూ, అమెచ్యూర్ టీమ్‌లో ఆడుతూ, ఖర్చుల కోసం సినిమా హాళ్లకు వెళ్లే రీళ్ల డబ్బాలు దాచే గోడౌన్‌లో పని చేశారు. మీది కొరియర్ గోడౌన్ అని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే.

2001 ఫిబ్రవరి చివర్లో మైన్స్ రెండో డివిజన్ నుంచి కూడా కిందికి జారిపోయేలా ఉంది. కోచ్‌ని తీసేశారు. క్లబ్ మేనేజర్ క్రిస్టియన్ హైడెల్ బయటి నుంచి ఎవరినీ తేకుండా, టీమ్‌లో ఆడుతున్న క్లాప్‌నే కోచ్‌గా పెట్టారు. అప్పుడాయన వయసు 33, మీకంటే ఒక్క ఏడాది పెద్ద. మర్నాడే డూయిస్‌బర్గ్‌తో మ్యాచ్, 1-0తో గెలిచారు. మొదటి ఏడు మ్యాచ్‌లలో ఆరు గెలిచి, 14వ స్థానంలో ముగించి, డివిజన్ నిలబెట్టుకున్నారు. మిగిలినది మీకు తెలిసిందే: 2011, 2012లో డార్ట్‌మండ్‌తో జర్మన్ లీగ్, 2019లో లివర్‌పూల్‌తో చాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లిష్ లీగ్.

మీ పరిస్థితికి అచ్చు గుద్దినట్టుంది కదా? అందుకే కాస్త ఆగమంటున్నాను. ఇలాంటి కథల్లో మనం రాత్రికి రాత్రి జరిగినదాన్నే చూస్తాం, దాని ముందు పదేళ్లు కనబడవు. క్లాప్ ఆడుతూనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పోర్ట్స్ సైన్స్ చదివి 1995లో డిప్లొమా తీసుకున్నారు. మైన్స్‌కి రాకముందే ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిన్నపిల్లల టీమ్‌కి కోచింగ్ ఇచ్చారు. 1995లో మైన్స్‌కి వోల్ఫ్‌గాంగ్ ఫ్రాంక్ అనే కోచ్ వచ్చారు. జర్మనీలో చాలా క్లబ్‌లు అప్పటికీ మనిషికి మనిషిని కాపలా పెట్టి ఆడుతుంటే, నలుగురు బ్యాక్‌లు ఒకే లైన్‌లో కదిలే పద్ధతి ఆయన తెచ్చారు. ఇటలీ కోచ్ అర్రిగో సాక్కి నడిపిన మిలాన్ జట్టు వీడియోలు ఆటగాళ్లకు విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చూపించేవారు. అంటే క్లాప్ కోచ్ అయిన రోజు ఆయన కొత్తగా ఏదో చెప్పాల్సిన పనిలేకపోయింది. ఆ పద్ధతి టీమ్‌లో చాలామందికి ఒంటబట్టి ఉన్నదే, దానికే మళ్లీ వెళ్దామన్నారు.

ఇంకోటి కూడా ఉంది, మీ విషయంలో ఇది ముఖ్యం. ఆయన తర్వాత రెండు సీజన్లు వరసగా నాలుగో స్థానంలో ఆగిపోయి, ప్రమోషన్ వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నారు. రెండోసారి ఆఖరి రోజు ఆఖరి నిమిషాల్లో చేజారింది. అయినా క్లబ్ ఆయన్ని కదిలించలేదు. 2004లో పైకెక్కారు, 2007లో మళ్లీ కిందికి పడ్డారు. అప్పుడూ తీసేయలేదు. మీ సెక్రటరీ మాత్రం "వచ్చే సీజన్ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు. క్లాప్‌కీ మీకూ ఉన్న తేడా కాళ్లలో లేదు, బుర్రలో ఉందని కూడా నేననుకోను. వెనక నిలబడిన క్లబ్ ఆయనకుంది, మీకుందో లేదో ఇంకా తెలియదు.

"టీవీల రాలే" అన్న సీనియర్‌కి జవాబు జర్మనీ దాకా వెళ్లకుండా హైదరాబాద్‌లోనే దొరుకుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్కూల్ టీచర్. ఇక్కడి క్లబ్ ఫుట్‌బాల్ ఆడినవారే తప్ప, ఆటగాడిగా దేశమంతా మోగిన పేరు కాదు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు (అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) కొట్టింది. 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. ఆయన కుర్రాళ్లకు పెట్టిన టోర్నమెంట్లు కూడా విచిత్రంగా ఉండేవి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ముందుకు తీసుకెళ్లడం) చేయకూడదు, ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. డ్రిబుల్ చేయొద్దంటే బంతి వచ్చేలోపే తల ఎత్తి ఎవరికివ్వాలో చూసుకోక తప్పదు. ఇది పాఠం చెప్పేవాడి బుర్ర. ఎవరికి ఏది రావడం లేదో కనిపెట్టి, అది వచ్చి తీరేలా ఆట నియమాన్నే మార్చేశారు. దీనికి తను గొప్పగా ఆడి ఉండాల్సిన పనిలేదు. (గొప్పగా ఆడినవాళ్లకి చాలాసార్లు ఇదే చేతకాదు. వాళ్లకి ఆట దానంతటదే వచ్చేసి ఉంటుంది, రానివాడి ఇబ్బంది అర్థం కాదు.)

మీరు పదకొండేళ్లు స్టాపర్‌గా ఆడారు. అంటే పదకొండేళ్లుగా మైదానమంతా మీ కళ్ల ముందే ఉంది, వెనక నుంచి "పైకి రా", "లెఫ్ట్‌లో ఒకడు ఖాళీగా ఉన్నాడు" అని అరుస్తూనే ఉన్నారు. సగం కోచింగ్ అదే. మిగతా సగం, ఆ అరిచే పని మంగళవారం ప్రాక్టీస్‌లో ముందే చేసి, ఆదివారం నోరు మూసుకుని కూర్చోగలగడం.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది చెబుతాను, తప్పుగా తీసుకోకండి. అర్హత గురించి అడుగుతున్నారు గానీ, మీరు నిజంగా భయపడుతున్నది కుర్రాళ్ల మధ్య మీ చోటు పోతుందని. ఒకసారి కోచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో మీరు అడుగుపెట్టగానే జోకులు ఆగిపోతాయి. మ్యాచ్ అయ్యాక ఇరానీ చాయ్ దగ్గర మీ గురించే మాట్లాడుకుంటారు, మీరు అక్కడ ఉండరు. 12 వేలు తక్కువా ఎక్కువా అన్న లెక్కలో ఈ నష్టం రాదు, కానీ మీకు నిద్ర పట్టనిది దీనివల్లే అనుకుంటాను.

ఆడుతూనే కోచింగ్ కూడా చేయవచ్చు కదా అని ఒకచోట అడిగారు. చేసినవాళ్లున్నారు. మీ మోకాలి సంగతి మీరు రాసిన తీరు చూస్తే నాకు మాత్రం ఇష్టం లేదు. పైగా మీరే స్టాపర్‌గా దిగితే, ఆ చోటు కోసం చూస్తున్న కుర్రాడికి "ఈయన తన పేరు తనే రాసుకున్నాడు" అన్న మాట మొదటి రోజే దొరుకుతుంది. క్లాప్ ఆ రోజుతో ఆడటం ఆపేశారు. మీరూ ఆపితే, ఆ ఆపడం మీకు బాధగా ఉంటుందని ముందే ఒప్పుకోండి. కోచింగ్ మీద చిరాకుగా అది బయటపడకుండా ఉంటుంది.

స్నేహితుడి విషయం. ఇందులో మీకు రెండు దారులు కనబడుతున్నాయి. ఆయన్ని పక్కన పెట్టి స్నేహం పోగొట్టుకోవడం, లేదా ఆడించి టీమ్‌ని పోగొట్టుకోవడం. రెండోది చేస్తే మిగతా వాళ్లంతా ఒక్క ఆదివారంలో కనిపెట్టేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా ఎవరికీ ఎక్కదు. మొదటిదాంట్లో స్నేహం తప్పకుండా పోతుందని నేననుకోను. అది మీరు ఎలా చెబుతారన్న దాని మీద ఉంటుంది. గ్రౌండ్‌లో, లిస్టు చదివేటప్పుడు ఆయన పేరు లేకపోవడం ద్వారా తెలియకూడదు. ముందు రోజు ఇంటికి వెళ్లండి. వదినగారు చాయ్ పెట్టేలోపే విషయం చెప్పేయండి: రేపు మొదలుపెట్టేది నువ్వు కాదు, ఇదీ కారణం. "అందరూ అంటున్నారు", "సెక్రటరీ ఒత్తిడి" లాంటి మాటలొద్దు. నిర్ణయం మీది అని ఆయనకి తెలియాలి. ఆఖరి ఇరవై నిమిషాలకు పనికొస్తారని మీకు నిజంగా నమ్మకముంటేనే ఆ మాట చెప్పండి. ఓదార్పు కోసం "అసిస్టెంట్ కోచ్" అని బిరుదు మాత్రం ఇవ్వకండి, అది ఇద్దరికీ నరకం. కోపం తెచ్చుకోవచ్చు, వారం మాట్లాడకపోవచ్చు. అది భరించలేనని మీకు ఇప్పుడే అనిపిస్తే, ఈ పని ఒప్పుకోకపోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మీకంటే పెద్దవాళ్లకి చెప్పాల్సి రావడం కొత్తేమీ కాదు. ఇందాక చెప్పిన సాక్కి, తన తండ్రికి చెందిన బూట్ల ఫ్యాక్టరీలో సేల్స్‌మన్‌గా తిరిగిన మనిషి. ఊరి దగ్గరి చిన్న క్లబ్‌లో ఆటగాడిగా నిలబడలేక కోచ్ అయ్యారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు, గోల్‌కీపర్‌కి 39, సెంటర్ ఫార్వర్డ్‌కి 32. అదే మనిషి మిలాన్‌కి 1989, 1990లో వరసగా రెండు యూరోపియన్ కప్‌లు తెచ్చారు. వయసులో పెద్దవాళ్లు వినేది మీ పాత రికార్డుని చూసి కాదు. మీరు చెప్పింది చేస్తే శనివారం కంటే ఆదివారం తమ పని తేలికైందా లేదా అన్నదే వాళ్లు చూస్తారు.

కాబట్టి ఏడు మ్యాచ్‌లలో ఆటంతా మార్చేయాలని పోకండి. ఈ సీజన్‌లో తిన్న గోల్స్ అన్నీ ఒక కాగితం మీద రాయండి: ఏ నిమిషం, ఎటువైపు నుంచి, కార్నరా, ఫ్రీకిక్కా, మనవాడే బంతి పోగొట్టుకున్నాడా. ఒకే రకం గోల్ మళ్లీ మళ్లీ కనబడుతుందని నా అంచనా. ఆ ఒక్కదాన్ని ఆపడమే మీ మొదటి రెండు వారాల పని. షిఫ్టుల వల్ల ఎవరు ఏ రోజు ప్రాక్టీస్‌కి రాగలరో కూడా అదే కాగితం వెనక రాసుకోండి. ఎనిమిది మందే వస్తారన్న రోజు ఎనిమిది మందితో చేసే పనే పెట్టుకోవాలి, రానివాళ్ల మీద చిరాకు వచ్చినవాళ్ల మీద పడకూడదు.

డబ్బు, దుబాయ్. ఇక్కడ నేను మీ మామగారి మాటని తీసిపారేయను. 2,200 దిర్హమ్‌లంటే మన డబ్బుల్లో యాభై వేల పైమాటే, రూమ్ ఖర్చు లేదు. క్లబ్ ఇచ్చే 12 వేలు ఎన్ని నెలలు వస్తాయో తెలియదు. గోడౌన్ ఉద్యోగం వదలకుండా సాయంత్రాలు కోచింగ్ చేయడానికి షిఫ్టు కుదురుతుందా? కుదిరితే ఈ ఏడు మ్యాచ్‌ల వల్ల మీ ఇంటికి నష్టం లేదు. కుదరక ఉద్యోగం మానేయాల్సి వస్తే మాత్రం, ఈ షరతుల మీద ఒప్పుకోవడం నాకు సబబుగా కనబడటం లేదు. సెక్రటరీని రెండు అడగండి. నెల జీతం ఏ తేదీకి ఇస్తారో కాగితం మీద రాసివ్వాలి. టీమ్ నిలబడితే మీ లైసెన్స్ కోర్సు ఫీజు క్లబ్ కట్టాలి. రెండోదానికి ఆయన ఇచ్చే జవాబుని బట్టి, మీలో కోచ్‌ని చూస్తున్నారా, ఏడు మ్యాచ్‌ల ఖాళీ నింపే మనిషిని చూస్తున్నారా అనేది తేలిపోతుంది.

లైసెన్స్ మాట వచ్చింది కాబట్టి: మన దేశంలో ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) కోచింగ్ లైసెన్స్‌లకు డి, సి, బి, ఎ, ప్రో అని మెట్లున్నాయి. డి కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది, రాష్ట్ర సంఘం నోటిఫికేషన్ వేసినప్పుడు అప్లై చేసుకోవాలి. పైకి వెళ్లే కొద్దీ మధ్యలో ఎదురుచూడటం, ఆ కాలంలో నిజంగా ఒక టీమ్‌కి పని చేసినట్టు చూపించడం ఉంటాయి. తొందరపడి ఎక్కే మెట్లు కావివి. స్కూల్లో పీఈటీ ఉద్యోగం మీద చూపుంటే దారి వేరు, దానికి బీపీఈడీ లాంటి చదువు కావాలి. స్పోర్ట్స్ అథారిటీ కోచ్ ఉద్యోగాలకైతే పటియాలాలోని ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమాకి విలువుంది. మీరు డిగ్రీ మధ్యలో ఆపేశానని రాశారు. ఏ దారైనా ముందు ఆ డిగ్రీ పూర్తి చేసుకోవడం మంచిది, దూరవిద్యలో అయినా సరే.

దుబాయ్ వెళ్తే కోచింగ్ కల చచ్చిపోతుందనుకోకండి. ముగిసిపోతున్నది మీ ఆట మాత్రమే, అది ఇక్కడున్నా ముగుస్తుంది. కోచింగ్‌కి ఆ గడువు లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్ తెచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెస్ ఆ క్లబ్‌లో చేరేసరికే యాభై దాటేసినవారు. అప్పటికి బార్సిలోనా చుట్టుపక్కల చిన్న డివిజన్ క్లబ్‌లలో ఏళ్ల తరబడి పని చేసి, క్రొయేషియా, థాయిలాండ్ కూడా తిరిగొచ్చారు. కానీ ఒక సంగతి తెలుసుకుని వెళ్లండి. స్టోర్ వీసా మీద వెళ్లి సాయంత్రం ఏదో అకాడమీలో జీతానికి కోచింగ్ చేస్తానంటే అక్కడ దానికి వేరే పర్మిట్ కావాలి. డి లైసెన్స్ ఇక్కడే చేసుకుని వెళ్తే, తిరిగొచ్చాక మొదటి మెట్టు దగ్గర మళ్లీ నిలబడనక్కర్లేదు. రెండేళ్లలో మీరు దాచగలిగే డబ్బు పైకోర్సుల ఫీజులకి పనికొస్తుంది కూడా. అటువైపు నష్టం, ఇప్పుడు నాలుగేళ్లున్న పాప ఆరేళ్లదయ్యేదాకా వీడియో కాల్‌లోనే చూడటం. ఆ తూకం నేను వేయలేను.

మీ ఆవిడ మౌనానికి మీరు మీకు తోచిన అర్థం చెప్పుకుంటున్నారు. నర్సుగా నైట్ డ్యూటీలు చేసే మనిషి, మీ మోకాలిని రోజూ చూస్తున్న మనిషి. తన తండ్రి, తన తమ్ముడు ఒకవైపు, మీరు ఒకవైపు ఉన్నప్పుడు ఆమె నోరు విప్పితే ఎవరో ఒకరికి ఎదురు చెప్పినట్టవుతుంది, అంతే కావచ్చు. "నీకేం అనిపిస్తోంది?" అని అడిగితే మళ్లీ "మీ ఇష్టం" అంటుంది. దానికి బదులు అంకెలతో అడగండి: మూడు నెలలు నేను సాయంత్రాలు ఇంట్లో ఉండను, పాపని ఎవరు చూస్తారు, నీ డ్యూటీలు ఎలా సర్దుదాం? దుబాయ్ అయితే రెండేళ్లు నువ్వొక్కదానివే ఎలా నెట్టుకొస్తావు? ఇలాంటి ప్రశ్నలకి ఆమె దగ్గర జవాబులు సిద్ధంగానే ఉంటాయి.

బావమరిది ఎప్పటిలోగా చెప్పమన్నారో మీరు రాయలేదు. నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ తేదీయే. మూడు నెలలు ఆగగలరంటే ఏడు మ్యాచ్‌లూ చేసి చూసి, కోచింగ్ మీకు సరిపడుతుందో లేదో తెలిశాక వెళ్లడమో మానడమో చేయవచ్చు. ఈ నెలలోనే పాస్‌పోర్ట్ పంపమంటే లెక్క మారిపోతుంది. సెక్రటరీకి జవాబిచ్చే ముందు ఇవాళే ఆయనకి ఫోన్ చేసి అది కనుక్కోండి.